విత్తనంతో కొలిచిన నేల

ప్రాథమిక పాఠశాల గణితంలో చుట్టుకొలత, వైశాల్యం, ఘనపరిమాణం అనే మూడు భావనలు దాదాపు అన్ని పాఠ్యపుస్తకాలలోను ఇదే వరుసలో ప్రవేశిస్తాయి. ఒక ఆకారపు అంచు వెంట బయలుదేరి తిరిగి మొదటి చోటికి చేరేసరికి నడిచిన దూరం చుట్టుకొలత. ఆ అంచు లోపల పరచుకొని ఉన్న చోటు వైశాల్యం. పొడవు, వెడల్పులతో పాటు ఎత్తో లోతో కూడా ఉన్న వస్తువు ఆక్రమించే చోటు ఘనపరిమాణం. పొడవు ఒక్కటే ఉన్నదాని నుంచి రెండు కొలతలున్నదానికి, అక్కడి నుంచి మూడు కొలతలున్నదానికి మెట్టు మెట్టుగా ఎక్కే ఈ క్రమం తర్కానికి చక్కగా అమరుతుంది గాని, తెలుగునాట జనవ్యవహారంలో ఈ మూడూ స్థిరపడిన తీరును పరిశీలిస్తే వరుస తారుమారుగా కనిపిస్తుంది. పిల్లలకు పరిచయమైన కొలతలలో ఘనపరిమాణం ముందుండగా, వైశాల్యం అన్నింటికన్నా వెనుకబడింది. ఇందుకు కారణం సులభంగానే గ్రహించవచ్చు. పొడవును కొలవడానికి తాడో గడో చాలు, గింజలను కొలవడానికి కుంచం చాలు. వైశాల్యాన్ని మాత్రం నేరుగా కొలిచి చెప్పే పనిముట్టు ఏ ఇంటిలోను, ఏ కల్లంలోను ఉండేది కాదు. అందువల్ల దానిని ఎప్పుడూ మరొక కొలత ద్వారా, అంటే విత్తనం ద్వారానో అంచు ద్వారానో పట్టుకోవలసి వచ్చింది.

మొదట కుంచం సంగతి. దశాంశ పద్ధతి రాకముందు ధాన్యం, పప్పులు, నూనె, పాలు తూకంతో కన్నా పాత్రతో కొలవడమే ఎక్కువగా ఉండేది. ప్రాంతాన్ని బట్టి పాత్రల పరిమాణం మారినా వాటి మధ్య సంబంధం చాలావరకు ఒకటే: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఆపైన నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. గిద్ద నుంచి కుంచం దాకా ఆరు మెట్లలోను ప్రతి పాత్రా తన కింది పాత్రకు సరిగ్గా రెట్టింపు గనుక కుంచానికి 64 గిద్దలవుతాయి. వీధిబడులలో పిల్లలు వల్లించిన భిన్నాలు కూడా ఈ రెట్టింపుల మీదనే నిలిచాయి: నాలుగో వంతు కాలు, ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాని. మానికలో గిద్ద వీసం భాగం, కుంచంలో కాని భాగం అన్నమాట. పాత్రలో పోసి చూడగలిగిన భిన్నం నోటితో వల్లించిన భిన్నానికి సాక్ష్యంగా నిలవడం ఆ చదువులోని బలం.

కల్లంలో ధాన్యం కొలిచేవారు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆ తరువాత ‘రెండు, మూడు’ అని లెక్క కొనసాగించే ఆచారం తెలుగునాట ప్రసిద్ధమే. పక్కన కూర్చుని చూసే పిల్లవాడికి ఈ లెక్కతో పాటు మరొక సంగతి కూడా తెలిసేది. కుంచాన్ని అంచుకు సమంగా చేత్తో తుడిచి కొలిస్తే ఒక లెక్క, గింజలు పైన కుప్పగా నిలిచేలా పోసి కొలిస్తే మరొక లెక్క. లోపల పట్టే పరిమాణం సమానమైనా మూతి వెడల్పుగా ఉన్న పాత్ర పైన ఎక్కువ గింజలు నిలుస్తాయి గనుక, కుప్పగా కొలిచే చోట కౌలు ధాన్యం పుచ్చుకొనే భూస్వామికి వెడల్పు మూతి పాత్ర లాభం, ఇచ్చే రైతుకు నష్టం. ఆకారానికి, పరిమాణానికి ఉన్న సంబంధం ఏ సూత్రమూ లేకుండా ఇలా గింజల బేరంలోనే బయటపడేది.

నేలను కూడా ఇదే పాత్రతో కొలిచారు. తూమెడు గింజలు చల్లడానికి సరిపోయే నేల తూమెడు చేను, పుట్టెడు గింజలకు సరిపోయేది పుట్టెడు నేల; మధ్యన ఇద్దుము, ఏదుము, పందుము అని రెండు, ఐదు, పది తూముల లెక్క. మధ్యయుగపు దానశాసనాలలో భూమిని పుట్టి, ఖండుగ, మర్తురు వంటి కొలమానాలతో చెప్పడం సాధారణం. వైశాల్యాన్ని ఘనపరిమాణంగా మార్చి చెప్పే ఈ పద్ధతి నేటి గణిత దృష్టికి వింతగా కనిపించినా, సాగుదారునికి కావలసిన సంగతినే అది చెప్పేది. విత్తనాలకు ఎంత ధాన్యం పక్కన పెట్టాలో, ఎంత పంటను ఆశించవచ్చో ఆ ఒక్క మాటలో ఇమిడి ఉండేవి. లోపం ఎక్కడంటే, తరి భూమిలో దట్టంగా చల్లే వరికి, మెట్టలో పలచగా విత్తే జొన్నకు తూమెడు గింజలు పట్టే నేల ఒకటి కాదు. ఒక ఊరి పుట్టెడు నేల మరొక ఊరి పుట్టెడు నేలతో తూగదు. ఒకే ఊరిలో కూడా నీటి వసతిని బట్టి మారవచ్చు. శిస్తు వసూలు చేసే ప్రభుత్వానికి ఇది ఇబ్బంది గనుక శాసనాలలో విత్తనపు కొలతలతో పాటు గడ కూడా కనిపిస్తుంది. గడ అంటే ఇన్ని జానలో ఇన్ని మూరలో అని పొడవు నిర్ణయించిన కొలకర్ర. కాకతీయుల కాలపు శాసనాలలో కేసరిపాటి గడ అనే పేరు వినిపిస్తుంది. నాలుగు వేళ్ల వెడల్పు బెత్త, మూడు బెత్తలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అనే శరీరపు కొలతలనే రాజ్యం గడగా కట్టి నిలబెట్టిందన్నమాట.

గడ చేతికి వచ్చినంత మాత్రాన వైశాల్యం చేతికి రాదు, ఎందుకంటే గడ కొలిచేది అంచునే. అంచు నుంచి లోపలి చోటుకు వెళ్లే దారి శాస్త్రగ్రంథాలలో చాలా పూర్వమే ఉంది. యజ్ఞవేదికల నిర్మాణం కోసం తాడుతో ఆకారాలు గీసే పద్ధతులను చెప్పే శుల్బసూత్రాలలో ఆపస్తంబునిది ఒకటి. తెలుగు వైదిక కుటుంబాలలో అధికభాగం అనుసరించే సూత్రం ఆయనదే. సోమయాగంలోని మహావేది పడమర వైపు 30 పదాలు, తూర్పు వైపు 24 పదాలు, ఈ రెంటి నడుమ దూరం 36 పదాలు ఉండే సమలంబ చతుర్భుజం. పదం అంటే అడుగు వంటి ఒక కొలత, సమలంబ చతుర్భుజం అంటే ఎదురెదురు భుజాలలో ఒక జత మాత్రమే సమాంతరంగా ఉండే నాలుగు భుజాల ఆకారం. దీని వైశాల్యం 972 అని చెప్పి ఊరుకోకుండా, అది ఎలా వచ్చిందో కూడా ఆపస్తంబుడు చూపించాడు. తూర్పున ఉన్న దక్షిణపు మూల నుంచి పడమటి భుజం మీదికి నిటారుగా గీత గీస్తే పక్కన సన్నని త్రిభుజం ఒకటి విడిపోతుంది. దానిని తిప్పి ఉత్తరపు పక్కకు చేర్చితే వేది 36 పదాల పొడవు, 27 పదాల వెడల్పు గల దీర్ఘచతురస్రంగా మారుతుంది. కాగితాన్ని కత్తిరించి అటు తిప్పి అతికించమని నేటి ఉపాధ్యాయుడు పిల్లలచేత చేయించే పని ఇదే. ముక్కలు చోటు మారినా మొత్తం మారదనే సూత్రాన్ని కంటికి చూపే ఉపాయంగా దీనికి మించినది ఇంతవరకు రాలేదనే చెప్పాలి.

వేది కొలతలు పండితులు నిర్ణయించినవి గనుక అవి సక్రమంగా ఉంటాయి. చేలు అలా ఉండవు. తెలుగులో మొట్టమొదటి శాస్త్రగ్రంథంగా పేరుపొందిన పావులూరి మల్లన గణితం ఈ చేల ప్రపంచానికి చెందినది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, సుమారు 850లో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని కమ్మనాటి పావులూరికి చెందిన మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన పదకొండవ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుని కాలం నాటివాడని సాహిత్య చరిత్రకారులలో అధికుల అభిప్రాయం. మహావీరుని మూలంలో క్షేత్రగణితం, అంటే వైశాల్యాల లెక్క, ఏడవ అధ్యాయం. ఖాతవ్యవహారం, అంటే తవ్వకాల లెక్క, ఎనిమిదవది. యవగింజ ఆకారం, మృదంగం ఆకారం, వజ్రం ఆకారం, శంఖం ఆకారం అంటూ మహావీరుడు ఎన్నో రకాల క్షేత్రాలను పేర్కొని, ప్రతిదానికి రెండేసి లెక్కలు చెబుతాడు. పని గడవడానికి సరిపోయేది వ్యావహారికం, ఖచ్చితమైనది సూక్ష్మం. వృత్తపు చుట్టుకొలతకు వ్యాసాన్ని మూడుతో గుణిస్తే వ్యావహారికం, పది యొక్క వర్గమూలంతో గుణిస్తే సూక్ష్మం. ఉజ్జాయింపును తప్పుగా భావించి దాచకుండా, దానికొక పేరు పెట్టి పక్కనే నిలబెట్టిన ఈ నిజాయితీ తరువాతి కాలపు పాఠ్యపుస్తకాలలో అరుదు.

నాలుగు భుజాల చేనుకు చెప్పిన వ్యావహారిక లెక్కను కొంచెం ఆగి పరిశీలించాలి. ఎదురెదురు భుజాలను కూడి సగం చేసి, అలా వచ్చిన రెండు సగాలను గుణించడమే ఆ పద్ధతి. అంచులు నాలుగూ కొలిస్తే చాలు, చేనులో అడుగుపెట్టనవసరం లేదు. ఈ లెక్క ఈజిప్టులోని ఎడ్ఫు ఆలయ దానలేఖనాలలోను కనిపిస్తుంది, 628లో బ్రహ్మగుప్తుని గ్రంథంలోను స్థూలమనే పేరుతో కనిపిస్తుంది. దీర్ఘచతురస్రానికి ఇది సరిగ్గా సరిపోతుంది. తక్కిన ప్రతి ఆకారానికి ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. నాలుగు భుజాలూ పదేసి మూరలున్న మడిని తీసుకుంటే స్థూలపు లెక్క ప్రకారం అది 100 చదరపు మూరలు. అదే మడి కొంచెం పక్కకు ఒరిగి, మూలల నుంచి ఎదుటి మూలలకు ఉండే దూరాలు 16, 12 మూరలైతే అసలు వైశాల్యం 96 మాత్రమే. ఇంకా ఒరిగినకొద్దీ లోపలి చోటు తగ్గుతూ పోతుంది, చుట్టుకొలత మాత్రం ఎప్పుడూ 40 మూరలే. పొరపాటు ఎప్పుడూ ఒకే వైపుకు, అంటే శిస్తు పెరిగే వైపుకు, మొగ్గడం వల్లనే ఈ లెక్క ఇన్ని రాజ్యాలలో ఇన్ని శతాబ్దాలు నిలిచిందని అనుమానించడానికి ఆస్కారం లేకపోలేదు.

అంచు తెలిస్తే లోపలి చోటు తెలిసిపోతుందనే భ్రమ ఒక్క ఈ దేశానిది కాదు. మెగలోపొలిస్ నగరపు ప్రాకారం చుట్టుకొలత స్పార్టా చుట్టుకొలతకన్నా ఎక్కువైనా స్పార్టాయే రెట్టింపు పెద్దదని చెబితే జనం నమ్మరని గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దంలోనే వ్రాశాడు. ఈ భ్రమ మీద అందరికన్నా కఠినంగా మాట్లాడినవాడు భాస్కరాచార్యుడు. 1150 నాటి లీలావతిలో ఆయన, కర్ణమో లంబమో చెప్పకుండా నాలుగు భుజాల క్షేత్రానికి వైశాల్యం అడిగేవాడిని పిశాచంగా, దానికి జవాబు చెప్పేవాడిని అంతకన్నా ఘనమైన పిశాచంగా లెక్కగట్టాడు. కర్ణం అంటే ఎదురెదురు మూలలను కలిపే గీత. లీలావతి కూడా ఎలుగంటి పెద్దన ప్రకీర్ణ గణితం ద్వారా తెలుగులోకి వచ్చింది.

ఘనపరిమాణం విషయంలో శాస్త్రం వ్యవహారానికి మరింత దగ్గరగా నడిచింది. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండే చెరువు గుంతకు మహావీరుడు రెండు ఉజ్జాయింపులు చెప్పాడు. పై భుజాన్ని, అడుగు భుజాన్ని సరాసరి చేసి ఆ సరాసరితో వైశాల్యం కట్టి లోతుతో గుణించడం ఒకటి, రెండు వైశాల్యాలనే సరాసరి చేసి లోతుతో గుణించడం రెండవది. మొదటిది అసలుకన్నా తగ్గుతుంది, రెండవది పెరుగుతుంది. రెంటి తేడాలో మూడో వంతును మొదటిదానికి కలిపితే సూక్ష్మఫలం వస్తుంది. పైన 20 మూరలు, అడుగున 10 మూరలు, లోతు 6 మూరలు ఉన్న చదరపు గుంతకు మొదటి లెక్క 1350, రెండవది 1500, సూక్ష్మం 1400 ఘనపు మూరలు. ఇది సరిగ్గా నేటి సూత్రం ఇచ్చే సంఖ్యే. తవ్విన మట్టిని బట్టి కూలి ఇచ్చే చోట ఈ తేడా అక్షరాలా డబ్బు. కడప మండలంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) కట్టకు 5000 రేఖాదండాల పొడవు, 8 వెడల్పు, 7 ఎత్తు అని మూడు కొలతలూ చెక్కించి, రోజూ వెయ్యిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేళ్లు పని జరిగిందని చెబుతుంది. రేఖాదండం అంటే అక్కడ వాడిన కొలకర్ర.

అన్నిటికన్నా ముచ్చటైనది ధాన్యరాశి లెక్క. లీలావతి ప్రకారం, వరి వంటి ముల్లుధాన్యాన్ని నేల మీద రాశిగా పోస్తే దాని ఎత్తు చుట్టుకొలతలో తొమ్మిదో వంతు ఉంటుంది; చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణిస్తే రాశి ఘనఫలం వస్తుంది. కల్లంలోని రాశి చుట్టూ తాడు వేస్తే 36 మూరలు వచ్చిందనుకుంటే ఎత్తు 4 మూరలు, ఆరో వంతు 6, దాని వర్గం 36, కాబట్టి ధాన్యం 144 ఘనపు మూరలు. గింజలు జారకుండా నిలిచే వాలు దాదాపు స్థిరం గనుకనే ఎత్తు కొలిచే పని లేకుండా ఒక్క చుట్టుకొలతతో ఘనపరిమాణం చెప్పగలిగారు. ఈ లెక్కలోని వాలు సుమారు 35 డిగ్రీలు. వృత్తానికి స్థూలంగా మూడు అనే విలువ వాడడం వల్ల ఫలితం అసలుకన్నా నూటికి ఐదు వంతుల లోపు పెరుగుతుంది. చుట్టుకొలత వైశాల్యాన్ని మోసగించినంతగా ఘనపరిమాణాన్ని మోసగించకపోవడం ఇక్కడి విశేషం. ఆకారం ఒక్కటే అయినప్పుడు అంచు అన్నిటికీ చాలుతుంది, మారినప్పుడు దేనికీ చాలదు.

ఇంత గణితంలో పిల్లల దాకా చేరింది బహు కొద్ది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కోరిన వివరాలకు బదులుగా 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం వ్రాసిన ఆ క్యాంప్‌బెల్లే, పంపిన నివేదికలో ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు పేర్కొన్నాడు. అయిదో ఏట బడిలో చేరి, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకొని, ఎక్కాలు, భిన్నాలు, నాణేల లెక్కలు, కొలతపాత్రల పట్టికలు కంఠస్థం చేయడం ఆ చదువు తీరు. పద్యాలను అర్థం తెలియకుండా వల్లించడాన్ని ఆయన తప్పుపట్టాడు గాని, పైతరగతి పిల్లలు కిందివారికి చదువు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. క్షేత్రగణితం ఆ పట్టికలలో లేదు. అది ఊరి భూమి లెక్కలు వ్రాసే కరణాల వృత్తిరహస్యం. పావులూరి గణితపు తాళపత్ర ప్రతులు కరణాల ఇళ్లలో తరతరాలుగా నిలిచి, ఎవరికి తోచిన లెక్కలు వారు చేర్చగా పెరుగుతూ వచ్చాయి. చేనులో కరణం ఏ లెక్క కట్టాడో రైతుకు తెలియకపోవడం కరణానికి నష్టం కలిగించే విషయం కాదు.

నేల కొలత బయటికి వచ్చింది గొలుసుతో. 1802లో దత్తమండలాలలో సర్వే ప్రారంభించిన మన్రో 33 అడుగుల గొలుసును ప్రమాణం చేశాడు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరం గుంట. అది 1,089 చదరపు అడుగులు, అటువంటివి నలభై కలిస్తే ఎకరం. తరువాత, 1858లో ఏర్పడిన మద్రాసు సర్వే శాఖ ఎకరాన్ని నూరు సెంట్లుగా విభజించగా, నిజాం రాజ్యం 1870ల తరువాత బొంబాయి పద్ధతిని అనుసరించి గుంటను స్వీకరించింది. నేటికీ ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో గుంటలు చెల్లడానికి మూలం ఇదే. ఇళ్ల స్థలాల దగ్గరికి వచ్చేసరికి గజాలు వస్తాయి, నెల్లూరు, తిరుపతి ప్రాంతాలలో అంకణాలు వస్తాయి. రెండు స్తంభాల నడుమ చోటుకు పేరైన అంకణం కొన్నిచోట్ల 36, మరికొన్నిచోట్ల 72 చదరపు అడుగులు. గొలుసు సర్వేలో అసలైన మార్పు కొలమానంలో కన్నా పద్ధతిలో వచ్చింది. చేను అంచులను మాత్రమే కొలవడం మాని, మూల నుంచి మూలకు గొలుసు లాగి, చేనును త్రిభుజాలుగా, సమలంబ చతుర్భుజాలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్క వైశాల్యం కట్టి కూడడం మొదలైంది. రెవెన్యూవారు ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అని పిలిచే పటాలలో నేటికీ ఆ అడ్డగీతలు కనిపిస్తాయి. భాస్కరుడు తిట్టి మరీ అడిగిన కర్ణం ఏడు వందల ఏళ్లకు చేనులోకి దిగింది.

1854 తరువాత ప్రభుత్వ పర్యవేక్షణ కిందికి వచ్చిన పాఠశాలల్లో వైశాల్యం అందరి పాఠమైంది, అయితే సూత్రంగానే వచ్చింది. ఇంగ్లండు అంకగణిత పుస్తకాలలో గదికి తివాచీ పరచడం, గోడలకు కాగితం అంటించడం వంటి లెక్కలుండేవి. తెలుగు బడిలో వాటి స్థానాన్ని తోట చుట్టూ బాట ఆక్రమించింది. ఆ బాట మీద ఎన్ని తరాల పిల్లలు తడబడ్డారో లెక్కలేదు. 1956 నాటి చట్టం, 1958 అక్టోబరు నుంచి దాని అమలు తూములను, సోలలను బజారు నుంచి క్రమంగా తొలగించగా, చదరపు మీటరు, లీటరు పుస్తకంలోకి వచ్చాయి. ఆ మార్పుతో ఘనపరిమాణం కూడా పాత్రను వదలి పొడవు, వెడల్పు, ఎత్తుల గుణకారంగా మారింది.

సూత్రం ముందు వచ్చి అనుభవం వెనుక వస్తే ఏమవుతుందో స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జాన్ పియాజే, ఆయన సహచరులు 1948లో ప్రచురించిన పరిశోధనలో కనిపిస్తుంది. సమానమైన రెండు పచ్చిక బీళ్ల బొమ్మలలో, ఒకదానిలో ఇళ్లను దగ్గరగా పేర్చి, రెండవదానిలో అన్నే ఇళ్లను చెదరగొట్టి, ఏ బీడులో ఆవుకు ఎక్కువ మేత మిగులుతుందని అడిగితే చిన్నపిల్లలు ఇళ్లు దగ్గరగా ఉన్నదే అన్నారు. తీసివేసిన చోటు సమానమైతే మిగిలిన చోటూ సమానమేనన్న గ్రహింపు వయసుతో గాని రాలేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరువాత ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన నాలుగు, ఐదు తరగతుల గణిత పుస్తకాలు ఈ గ్రహింపుకు తావిస్తూ, పొలాలు–కంచెలు అనే పాఠంతో మొదలుపెట్టి, సూత్రానికి ముందు గళ్ల కాగితం మీద చదరాలు లెక్కపెట్టించాయి. ఆకు బొమ్మను గళ్ల కాగితం మీద గీసి, నిండు గడులను లెక్కించి, సగానికి మించి నిండిన గడిని ఒకటిగా పట్టి, సగానికన్నా తక్కువ ఉన్నదానిని వదిలివేయమనడం వాటిలో ప్రధానమైన పద్ధతిగా ఉండేది. ఈ నియమం కొన్ని అంచుల దగ్గర కొంత పెంచుతుంది, మరికొన్ని అంచుల దగ్గర కొంత తగ్గిస్తుంది. గడులు చిన్నవయ్యే కొద్దీ తేడా తగ్గుతుంది. మహావీరుని లెక్కలో ఇది వ్యావహారికం; పాత స్థూలపు లెక్కలా ఎప్పుడూ ఒకే పక్షానికి మొగ్గదు.